సిలోయము గోపురం దగ్గర నిలబడి: మరణం జరిగిన చోట్లకు మనం ఎందుకు వెళ్తాం?



లూకా సువార్త 13వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు తీసి మీ ముందు పెట్టుకొని ఈ వ్యాసం చదవండి. అక్కడ రెండు దుర్వార్తలు ఉన్నాయి. మొదటిది, పిలాతు కొందరు గలిలయులను వాళ్లు బలులు అర్పించే వేళలోనే చంపించాడు. ఆ కబురు మోసుకొచ్చినవాళ్లు కొందరు ప్రభువు దగ్గరికి వచ్చారు. రెండోది ప్రభువే గుర్తుచేశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ పాపులా అని ఆయనే అడిగి, ఆయనే కాదన్నాడు. ఆ వెంటనే విన్నవాళ్ల వైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు.

చచ్చినవాళ్ల సంగతి చెప్పడానికి వచ్చినవాళ్లకు బతికున్న తమ సంగతి ఎదురైంది. ఈ వారం మనం ధ్యానించేది దీని గురించే. మనుషులు చనిపోయిన చోట్లను, కష్టం జరిగిన చోట్లను చూడడానికి జనం బస్సులు కట్టుకొని వెళ్తున్నారు. వెళ్లడం మంచిదా, కాదా? వెళ్తే ఎలా వెళ్లాలి? ఇవి దూరదేశాల ప్రశ్నలు కావు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఉన్న మన నేల మీదే వీటికి జవాబులు ఉన్నాయి.

కొత్త పేరు, పాత అలవాటు

ఇలాంటి ప్రయాణాలకు ఇంగ్లీషువాళ్లు 'డార్క్ టూరిజం' అని పేరు పెట్టారు. చీకటి పర్యటన అనుకోవచ్చు. జాన్ లెన్నన్, మాల్కం ఫోలీ అనే ఇద్దరు అధ్యాపకులు 1996లో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. పేరు కొత్తదే గాని పని పాతది. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం ముగిసిందో లేదో, శవాలు ఇంకా పొలాల్లో ఉండగానే చూడడానికి జనం వచ్చారు. తుపాకి గుండ్లు, గుండీలు ఏరుకొని జ్ఞాపకంగా పట్టుకుపోయారు. మన దేశంలో అమృత్‌సర్ వెళ్లినవాళ్లు జలియన్‌వాలా బాగ్ చూడకుండా రారు. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ కాల్పులు జరిపించిన ఆ తోట గోడల మీద గుండ్ల గుర్తులు ఈనాటికీ కనిపిస్తాయి. అండమాన్ వెళ్లినవాళ్లు సెల్యులర్ జైలు గదుల ముందు నిలబడతారు.

బైబిలు ఈ అలవాటును ఒక్క మాటతో కొట్టిపారేయదు. శారా చనిపోతే అబ్రాహాము 400 తులాల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహ కొన్నాడు (ఆదికాండము 23). వాగ్దాన దేశంలో ఆయన సొంతం చేసుకున్న మొదటి నేల ఒక సమాధి స్థలం. రాహేలు ప్రసవవేదనలో దారిలో చనిపోతే యాకోబు అక్కడ ఒక స్తంభం నిలిపాడు (ఆదికాండము 35). యొర్దాను దాటినప్పుడు యెహోషువ 12 రాళ్లు నిలబెట్టించాడు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే పెద్దలు చెప్పాలన్నది ఏర్పాటు (యెహోషువ 4). విందు జరిగే ఇంటికి పోవడం కంటే ఏడుపు ఉన్న ఇంటికి పోవడం మేలని ప్రసంగి 7వ అధ్యాయంలో చదువుతాం.

కాబట్టి వెళ్లడమే తప్పు అని మేము చెప్పడం లేదు. రాయి ఉంటే చాలదు. పిల్లవాడు అడగాలి, పెద్దవాడు చెప్పాలి. ఆ మాటామంతీ లేనిచోట రాయి వట్టి రాయి అయిపోతుంది, ఎవరి చావో మనకు వేడుక అయిపోతుంది.

పొలం గట్టు మీది వీరగల్లు

మన ప్రాంతంలో ఊరి బయట, చెరువు కట్ట కింద, చింతచెట్టు నీడన బొమ్మలు చెక్కిన బండలు నిలబడి ఉంటాయి. చేతిలో కత్తో విల్లో పట్టుకున్న మనిషి, ఎదురుగా శత్రువు, కొన్నిటి మీద ఆవుల మంద. ఇవి వీరగల్లులు. చాలా వాటి మీద బొమ్మ మూడు అంతస్తులుగా ఉంటుంది. కింద పోరాటం, మధ్యలో చనిపోయిన వీరుణ్ణి దేవకన్యలు మోసుకుపోవడం, పైన అతడు తన దేవుని సన్నిధిలో కూర్చోవడం.

వెయ్యేళ్ల కిందట ఈ నేల బాణులు, వైదుంబులు, నొళంబులు, గంగులు ఒకరితో ఒకరు తలపడిన సరిహద్దు. మదనపల్లె పక్కనున్న చిప్పిలి వైదుంబుల ముఖ్యస్థానాల్లో ఒకటి. తొమ్మిదో శతాబ్దంలో సోరేమడి దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో పడిపోయినవాళ్ల జ్ఞాపకాలు ఈ ప్రాంతపు శాసనాల్లో ఉన్నాయి. రాజుల యుద్ధాల్లో చనిపోయినవాళ్లకే కాదు, పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లకు కూడా ఊరు రాయి నిలిపింది. పుంగనూరు ఆవు పేరు ఇవాళ దేశమంతా తెలుసు. ఆవు అంటే ఈ కరువు సీమలో కుటుంబం బతుకు. ఆ బతుకును కాపాడబోయి చచ్చినవాణ్ణి ఊరు మరువదలచుకోలేదు.

వాళ్ల నమ్మకం వేరు, మన నమ్మకం వేరు. వీరగల్లుకు మనం మొక్కం. కానీ తన కోసం చచ్చినవాణ్ణి గుర్తుంచుకోవాలన్న ఆ ఊరి కృతజ్ఞతను చులకన చేయడం మనకు తగదు. ఇతరుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదని మన ప్రభువు చెప్పిన మాట (యోహాను 15:13) ఎరిగినవాళ్లం మనం. ఆ బండను పశువులు కట్టే గుంజగా, బట్టలు ఉతికే రాయిగా వాడుతుంటే మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనకూ ఉంది.

అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. రాయి అందరికీ దక్కలేదు. హైదర్ అలీ 1782 డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో చనిపోయాడు. ఆయన ఎక్కడ చనిపోయాడో, శవాన్ని ముందు కోలారుకు, తర్వాత శ్రీరంగపట్నానికి ఎలా తీసుకుపోయారో పుస్తకాలు చెబుతాయి. అదే యుద్ధంలో పంటలు తగలబడి, ఊళ్లు ఖాళీ అయి చచ్చిన రైతు కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చూడడానికి వెళ్లే చోట్ల పట్టిక తయారుచేసేది ఎప్పుడూ గెలిచినవాళ్లు, ఉన్నవాళ్లు. లేనివాళ్ల చావుకు గుర్తు ఉండదు.

ధాత కరువు: కెమెరా ముందు కూర్చోబెట్టిన ఆకలి

గుర్తు లేని చావుల్లో అన్నిటికంటే పెద్దది మన పెద్దలు ధాత కరువు అని పిలిచిన కరువు. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. తర్వాతి ఈశ్వర నామ సంవత్సరంలోనూ కరువు తీరలేదు. అప్పుడు చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కడప, ఉత్తర ఆర్కాటు రెండూ కరువు గట్టిగా కొట్టిన జిల్లాలే. దక్షిణ భారతమంతటా ఆకలికి, దాని వెంట వచ్చిన కలరా, జ్వరాలకు 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా.

వానలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారును వైస్రాయి లిట్టన్ అట్టహాసంగా జరిపించాడు. అదే నెలలో, కరువు ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చి కూలి కోత పెట్టాడు. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ ఎదురు చెప్పాడు. ఆయన మాటలో నిజం ఉందని ఒప్పుకొని కూలి పెంచేసరికి నెలలు గడిచాయి. ఆ నెలల్లో ఎందరు పోయారో దేవునికే తెలుసు.

ఈ కరువులో ఒక మనిషి గురించి మనం ప్రత్యేకంగా ఆలోచించాలి. విల్లబీ వాలస్ హూపర్ మద్రాసు సైన్యంలో అధికారి, ఫొటోలు తీయడంలో నేర్పరి. ఎముకల గూళ్లుగా మారిన కుటుంబాలను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫొటోలు తీశాడు. కరువు ఎంత ఘోరమో లోకానికి తెలిసింది ఆ ఫొటోల వల్లనే. అవి లేకపోతే మనకూ ఇంతగా తెలిసేది కాదు. కానీ ఆ ఫొటోల్లోని మనుషుల్లో ఒక్కరి పేరు కూడా మనకు మిగల్లేదు. ఫొటో తీశాక వాళ్లకు ఇంత గంజి పోయించాడా అని ఆ కాలంలోనే అతణ్ణి విమర్శించారు. పదేళ్లు గడవకముందే, 1886లో బర్మాలో అదే హూపర్ మరణశిక్ష పడినవాళ్లను కాల్చే క్షణంలో ఫొటో తీయడానికి పూనుకున్నాడని పెద్ద గొడవ జరిగింది. విచారణ జరిపి అతణ్ణి మందలించారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ రోజు ఆ పెట్టె కెమెరా ఒక్కడి చేతిలో ఉండేది. ఇవాళ మనలో ప్రతి ఒక్కరి జేబులో ఉంది. ఘాట్ రోడ్డు మలుపులో బస్సో లారీయో బోల్తా పడితే ముందు చేరేది చేయి అందించేవాళ్లా, ఫోన్ ఎత్తి వీడియో తీసేవాళ్లా? ఆ వీడియో మన సంఘం గ్రూపుల్లోకి కూడా వస్తుంది. 'ప్రార్థించండి' అని కింద ఒక మాట రాస్తాం. చనిపోయిన మనిషి భార్య తన భర్త ఆఖరి రూపాన్ని ముందుగా చూసేది ఆ ఫోనులోనే కావచ్చు. ప్రార్థన అనే మాట కలిపినంత మాత్రాన ఆ పని పరిశుద్ధం అవుతుందా?

ధాత కరువు మన సంఘాల చరిత్రలో కూడా ఉంది. మదనపల్లెలో డాక్టర్ జాకబ్ చాంబర్లేన్ 1863లో అమెరికన్ ఆర్కాటు మిషన్ పని మొదలుపెట్టాడు. 1908లో ఆయన మదనపల్లెలోనే కన్నుమూశాడు. కరువు తర్వాత ఆర్కాటు మిషన్ సంఘాల్లో చేరినవాళ్లు బాగా పెరిగారు. ఒంగోలు వైపు క్లౌ దొర దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్లంతా గంజి కోసం వచ్చినవాళ్లని ఎగతాళి చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మనం దానికి సిగ్గుపడనక్కర్లేదు. ఊరు తమను చావుకు వదిలేసినప్పుడు తమ గుడిసె గడప దగ్గరికి వచ్చిన మనిషి ఏ దేవుని పేరు చెప్పాడో వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. చూసి పోయినవాళ్లను మరిచిపోయారు. చూసి ఆగినవాళ్లను మరవలేదు.

ఆరోగ్యవరం: చావుకు వచ్చి బతికిపోయినవాళ్ల కొండ

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం గురించి మీలో చాలామందికి తెలుసు. ఇవాళ అక్కడ జనరల్ ఆస్పత్రి ఉంది. కానీ వందేళ్ల కిందట ఆ పేరు వింటే గుండె జారిపోయేది. అది యూనియన్ మిషన్ క్షయ శానటోరియం. పలు మిషన్లు తమ తమ తేడాలు పక్కన పెట్టి కలిసి కట్టింది కాబట్టి యూనియన్ అన్నారు. 1912లో పునాది పడి, 1915లో రోగులకు తలుపులు తెరిచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంట్. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు డాక్టర్ పి.వి. బెంజమిన్. ఆయన తర్వాత కేంద్ర ప్రభుత్వానికే క్షయ వ్యాధి సలహాదారు అయ్యారు.

క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. మందు మాత్రం 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా లేదు. నడుమ ఆ అరవై ఏళ్లు వైద్యం అంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ముదిరితే ఊపిరితిత్తిని గాలితో అణచడం, పక్కటెముకలు తీసేయడం లాంటి కష్టమైన పద్ధతులు. మదనపల్లె ఎత్తు మీద ఉన్న ఊరు, గాలి పొడిగా ఉంటుంది. అందుకే ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవాళ్లు. నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉండేవాళ్లు. కొందరు ఇంటికి వెళ్లారు, కొందరు వెళ్లలేదు.

ఇంట్లో ఒకరికి క్షయ అంటే సంబంధాలు తప్పిపోయే రోజులు అవి. ఆ రోగులను ముట్టుకొని, పక్కలు మార్చి, కఫం పట్టిన గిన్నెలు కడిగిన నర్సులు, ఆయాలు, వార్డు బాయ్‌లు మన పల్లెల నుంచి వెళ్లినవాళ్లే. ఆరోగ్యవరం కథలో డాక్టర్ల పేర్లు మిగిలాయి. గిన్నెలు కడిగిన చేతుల పేర్లు పరలోకపు పుస్తకంలో ఉన్నాయని మా విశ్వాసం.

తర్వాత జరిగింది వినండి. 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో బీసీజీ టీకా ఎంతవరకు కాపాడుతుందో ఏళ్ల తరబడి పరిశీలించారు. మొదటి డాక్టరు కొడుకు యోహానెస్ ఫ్రిమాట్ మోలర్ ఆ పని నడిపించాడు. అంటే మన తాతల, అవ్వల జబ్బల మీద వేసిన సూది మచ్చ లోకానికి ఒక పాఠం నేర్పింది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం ఇంకో మాట తేల్చింది. మందు సరిగ్గా వాడితే పేదవాడి ఇరుకు ఇంట్లో కూడా, శానటోరియం మంచం మీద నయమైనట్టే నయమవుతుంది. 1959లో ఆ ఫలితం బయటికి వచ్చాక ప్రపంచమంతటా శానటోరియంల అవసరం తగ్గుతూ వచ్చింది. ఒక శోక స్థలానికి ఇంతకంటే మంచి ముగింపు ఏముంటుంది? తన పని అవసరం లేకుండా పోవాలని పని చేసిన ఆస్పత్రి అది.

ఇదే ఆర్కాటు మిషన్ ఇంటి బిడ్డ ఐడా స్కడ్డర్ సంగతి కూడా మీకు తెలుసు. దిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భవతుల భర్తలు వచ్చి ఆడ డాక్టరు కావాలని అడిగారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. మగ డాక్టరును వాళ్లు రానివ్వలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ మూడు పాడెలు చూసిన అమ్మాయి అమెరికా వెళ్లి చదువుకొని తిరిగివచ్చి వెల్లూరులో ఆస్పత్రి పెట్టింది. మన ఊళ్లలో పెద్ద జబ్బు అంటే ఈనాటికీ వెల్లూరు బస్సే ఎక్కుతాం. చావును చూసి రావడం అంటే ఇది.

కుప్పం అవతల, భూమి అడుగున

ఇప్పుడు మన యౌవనస్థులు ఎక్కువగా అడిగే చోటికి వద్దాం. కేజీఎఫ్ సినిమా 2018లో, దాని రెండో భాగం 2022లో వచ్చాక కోలారు బంగారు గనులు చూడాలన్న ఆశ పెరిగింది. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో మారితే మారికుప్పం దాకా వెళ్లవచ్చు. తెల్లని కొండల్లా కనిపించే సైనైడ్ దిబ్బల మీద నిలబడి రీల్స్ తీసుకొని వస్తున్నారు. ఆ దిబ్బలు కొండలు కావు. బంగారం తీశాక మిగిలిన రాతి పిండి, కోట్ల టన్నులు. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము లేచి చుట్టుపక్కల ఇళ్ల మీద పడుతుంది. రీల్ తీసుకున్నవాళ్లు సాయంత్రానికి వచ్చేస్తారు. ఆ ఇళ్లవాళ్లు అక్కడే ఉంటారు.

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1880లో అక్కడ తవ్వకాలు చేపట్టింది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి కరెంటు తెచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. లోకంలోనే లోతైన గనుల్లో అది ఒకటి. ఆ లోతున రాయి చేయి పెట్టలేనంత వేడి. ఒక్కోసారి పైనున్న భారానికి రాయి తుపాకి పేలినట్టు పేలి మనుషుల మీద పడేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారు. నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం బయటికి వచ్చింది. దిగి తవ్వింది ఎవరు? ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం ప్రాంతాల తమిళులు, తెలుగువాళ్లు. వాళ్లలో ఎక్కువమంది సెంటు భూమి లేని దళిత కుటుంబాలవాళ్లు. ధాత కరువు గడిచి మూడు నాలుగేళ్లకే ఈ గనులు తెరుచుకున్నాయన్న సంగతి గుర్తుంచుకోండి. భూమి పైన బతకలేనివాళ్లు భూమి కిందికి దిగారు.

పేలుడులో చచ్చినవాడి చావు కంటికి కనబడుతుంది. కనబడని చావు దుమ్ము రూపంలో వచ్చింది. రాయి తొలిచేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని గట్టిపడుతుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. దానికి మందు లేదు. 1940లలో అక్కడ 7,653 మంది పనివాళ్లను పరీక్షిస్తే 3,402 మందికి ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. నూటికి నలభై మందికి పైగా. సిలికోసిస్ వచ్చిన ఊపిరితిత్తికి క్షయ తేలిగ్గా పడుతుంది. బంగారం మెడల్లో వేలాడింది, దాని దుమ్ము తవ్వినవాడి రొమ్ములో మిగిలిపోయింది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మన గుడుపల్లె మండలంలోని బిసానత్తం, చిగురుగుంట గనులు కూడా ఆ రోజుల్లోనే మూతపడ్డాయి. పని పోయినవాళ్ల పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు కూలికి, ఉద్యోగాలకు పోయి రాత్రికి తిరిగివచ్చే బతుకుకు వచ్చారు.

వెళ్లకండి అని మేము యౌవనస్థులకు చెప్పడం లేదు. వెళ్లండి. సినిమాలో హీరో నడిచిన చోటు వెతకడానికి కాదు, ముసలి గని కార్మికుడు ఎవరైనా అరుగు మీద కూర్చుంటే పక్కన కూర్చుని, 'తాతా, మీరు ఏ షాఫ్టులో దిగేవారు?' అని అడగడానికి వెళ్లండి. ఆయన దగ్గు ఆపుకొని చెప్పే నాలుగు మాటలు ఏ సినిమాలోనూ ఉండవు.

ప్రభువు సమాధి దగ్గరికి ఎలా వెళ్లాడు?

యోహాను సువార్త 11వ అధ్యాయంలో ప్రభువు బేతనియకు వెళ్లాడు. లాజరును ఎక్కడ ఉంచారని అడిగాడు. వచ్చి చూడమని వాళ్లు అన్నారు. ఆయన కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో తానే లేపబోతున్న మనిషి కోసం ఏడ్చాడు. జవాబు చేతిలో ఉన్నా దుఃఖాన్ని దాటవేయలేదు. తర్వాత అక్కడున్నవాళ్లకు ఒక పని చెప్పాడు, రాయి తీయమని. లేపడం ఆయన పని. రాయి తీయడం, కట్లు విప్పడం మనుషుల పని.

అదే ప్రభువు మత్తయి 23వ అధ్యాయంలో ప్రవక్తల సమాధులు కట్టి, అలంకరించే పెద్దలను గద్దించాడు. చచ్చిన ప్రవక్తకు గోరీ కట్టి, బతికున్న ప్రవక్తను చంపడానికి చూసేవాళ్లు వాళ్లు. సమాధుల పండుగకు మనం గోరీలకు సున్నం కొడతాం, పూలు పెడతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో పాటలు పాడతాం. మంచి అలవాట్లే. కానీ గోరీలో ఉన్నవాడి తమ్ముడు మన పక్క వీధిలో దగ్గుతుంటే, వాడి గిన్నె వేరుగా పెడితే, ఆ సున్నం ఎవరి కోసం కొట్టినట్టు?

క్షయ గతించిన కథ కాదు. మన దేశంలో ఏటా దాదాపు మూడు లక్షల మంది ఇంకా దాని వల్ల చనిపోతున్నారు. ఆరోగ్యవరంలో మందు లేక చనిపోయినవాళ్ల కాలం కాదిది. మందు ఉంది, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తున్నారు. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. రోగి తిండి కోసం నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలి. సిగ్గుపడి దాచుకుంటేనే ప్రాణం పోతుంది.

కాబట్టి మన సంఘం ముందు మేము కొన్ని సంగతులు పెడుతున్నాం. ఏ శోక స్థలానికైనా వెళ్లే ముందు అక్కడ ఎవరు, ఎందుకు చనిపోయారో తెలుసుకొని వెళ్దాం. అక్కడ ఇంకా జనం బతుకుతుంటే వాళ్ల అనుమతి లేకుండా ఫోన్ బయటికి తీయొద్దు. ప్రమాదాల వీడియోలు మన గ్రూపుల్లో ఇకమీదట పెట్టొద్దు. తిరిగి వచ్చాక బతికున్న ఒక మనిషి కోసం ఒక పని చేద్దాం. మందులు మధ్యలో మానేసిన ఒక్కరిని తిరిగి ఆస్పత్రికి తీసుకెళ్లినా చాలు.

ఇంకొకటి. మన సమాధుల తోటలో పేరు లేని మట్టి దిబ్బలు ఎన్నో ఉన్నాయి. రాయి పెట్టించే స్తోమత లేక అలా మిగిలిపోయాయి. పెద్దవాళ్లు ఉండగానే, ఏ దిబ్బ ఎవరిదో, వాళ్లు ఏమి పని చేసేవారో, ఎలా పోయారో ఒక నోటు పుస్తకంలో రాసి పెడదాం. ఆదివారం బడి పిల్లలు అడగాలి, అవ్వలు, తాతలు చెప్పాలి. యెహోషువ 12 రాళ్లు నిలిపింది ఇందుకే. కరువులో పోయినవాళ్లకు, గనుల్లో పోయినవాళ్లకు మనం ఇప్పుడు రాయి నిలపలేం. మన తోటలో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం ఇంకా మన చేతిలో ఉన్నాయి. వచ్చే సమాధుల పండుగలోపు ఈ పని పూర్తి చేద్దాం. చదువు వచ్చిన పిల్లలు పెన్ను పట్టుకొని రండి.

ప్రార్థిద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, పేరు లేకుండా పోయిన ప్రతివాని పేరు నీకు తెలుసు. ఇతరుల చావును వేడుకగా చూసే కన్ను మాలో ఉంటే దాన్ని స్వస్థపరచు. ఏడ్చేవారితో ఏడ్చే హృదయాన్ని, రాయి తీసే చేతులను మాకు ఇవ్వు. సమాధిని గెలిచి లేచిన నీ కుమారుడైన యేసు నామమున అడుగుతున్నాం. ఆమేన్.